కళ్ళు మూయని ప్రార్థన

ఆయన పోయాకే మా గుడికి మైకు కొన్నారు. అంతకుముందు కొనాలని ఎవరికీ తోచలేదు. సోలాపూర్ దాజీ పేట్‌లోని మా లూథరన్ గుడి మరీ పెద్దదేమీ కాదు గానీ, చుట్టూ ఉన్న సందుల్లో ఆదివారం కూడా ఏవో కొన్ని పవర్‌లూమ్ మగ్గాలు నడుస్తూనే ఉంటాయి. ఆ టకటకల మీదుగా పాస్టరు అయ్యగారి ప్రసంగం వెనక వరసకు ఎప్పుడూ పూర్తిగా చేరలేదు. ప్రార్థన మాత్రం చేరేది, ఎందుకంటే ప్రార్థన ఆయన చేసేవాడు. మొన్న ఆదివారం సంఘపెద్ద ఒకాయన కొత్త మైకు పట్టుకుని "హలో, హలో, ఎనకోళ్ళకు ఇనబడ్తుందా?" అని అడిగితే, నా పక్కన కూర్చున్న ముసలామె "పెద్దబాపు ఉంటే ఈ ఖర్చు తప్పేది గదా" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ప్రసంగం ఒక్క ముక్క తలకెక్కలేదు.

మేమంతా ఆయన్ని పెద్దబాపు అనే పిలిచేవాళ్ళం. ఈ వానాకాలంలో, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చి, అట్లాగే పోయాడు. అసలు పేరు ఏమిటో గుడిలో చావు ప్రకటన చదివితే గానీ సగం మందికి తెలియలేదు. తెలిశాక కూడా ఎవరి నోటా అది నిలవలేదు. ఇక్కడా దాంతో పని లేదు.

మీసాలు రాకముందే మగ్గాల కార్ఖానాలో చేరిన మనిషి. చద్దర్లు నేసే షెడ్డులోకి ఒక్కసారి వెళ్ళి నిలబడితే తెలుస్తుంది, అక్కడ గొంతుతో మాట్లాడటం దండగ. అందుకని మగ్గం పనివాళ్ళు పెదవులతో మాట్లాడుకుంటారు. చప్పుడు చేయకుండా మాటను పెదవుల మీద విడివిడిగా పలుకుతారు, అవతలివాడు చూసి అట్లాగే జవాబిస్తాడు. "చాయ్‌కి పోదామా" దగ్గర్నుంచి పిల్ల సంబంధం దాకా అన్నీ అట్లాగే నడిచిపోతాయి. ఆ చప్పుడులో పెద్దబాపు చెవులు రెండూ పోయాయి. పోయిన సంగతి ఆయన గొంతుకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. అది బతికినన్నాళ్ళూ మగ్గాలు నడుస్తున్నాయన్న లెక్కలోనే పలికింది.

ఆయన దేవుడికి ఇంటి అడ్రసు చెప్పి ప్రార్థించేవాడు. "ప్రభువా! పిండి గిర్నీ ఎనుక సందు! పచ్చ దర్వాజ ఇల్లు! ఆ ఇంట్ల పెద్ద పిలగాడు రోజు తాగి వస్తున్నడు ప్రభువా! ఆ తల్లి బీడీలు చుట్టి చుట్టి చేతి ఏళ్ళు వంకరపోయినయి, జర జల్దీ చూడు!" అచ్చం ఆటోవాడికి దారి చెప్పినట్టే. ఆయన చెవిలో వేసిన రహస్యం ఆదివారం పది గంటలకల్లా గల్లీ అంతా తెలిసిపోయేది. మా సంఘంవాళ్ళకు ఆయన ప్రార్థన అంటే అయ్యగారి ప్రసంగం కన్నా ఎక్కువ భయం.

మా గుడివాళ్ళు కాని ఆడవాళ్ళకు మాత్రం ఆ భయం లేదు. పక్కిళ్ళల్లో బీడీలు చుట్టే అమ్మలు తంబాకు చేట పక్కన పెట్టి, కొంగు దులుపుకుని ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. "పెద్దబాపూ, మా ఇంటాయన సంగతి జర మీ దేవుని చెవుల ఎయ్యి. గట్టిగ ఎయ్యి, ఆయనకు గూడ ఇనబడాలె" అనేవాళ్ళు. దేవుడు విన్నాడో లేదో గానీ గల్లీ వినేది, ఆ ఇంటాయన వినేవాడు. కొన్నాళ్ళు తల వంచుకుని తిన్నగా ఇంటికొచ్చేవాడు. ఆ కొన్నాళ్ళు అయిపోగానే ఆమె మళ్ళీ చేట పక్కన పెట్టేది.

గుడిలో ఆయన స్థలం వేరు. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చుంటే, ఆయన ముందు గోడకు ఆనించి వేసిన స్టూలు మీద అడ్డంగా కూర్చునేవాడు. ఒకవైపు తిరిగితే అయ్యగారి పెదవులు, ఇంకోవైపు తిరిగితే మా అందరి పెదవులు. పాట ఎక్కడి దాకా వచ్చిందో మమ్మల్ని చూసే పట్టుకునేవాడు కాబట్టి ఎప్పుడూ మాకన్నా ఒక వాక్యం వెనక ఉండేవాడు. మేం ముగించాక ఆయన ఒక్కడే ఆ చివరి వాక్యం పాడేవాడు, శ్రుతికి అటో ఇటో. అది అయ్యేదాకా అయ్యగారు పుస్తకం తెరిచేవారు కాదు. మా సంఘంలో పాట ముగియడమంటే ఆయన ముగించడమే.

అయ్యగారితో ఆయనకు ఒక ఇబ్బంది ఉండేది. అయ్యగారిది గుంటూరు వైపు. "మంచోడే గని, ఆయన పెదవులు ఉర్కుతయి. మన తెలుగు అయితే నడుస్తది" అని ఫిర్యాదు చేసేవాడు. అయినా ప్రతి ఆదివారం ఆయనకు కాగితం పొట్లంలో శేంగా చట్నీ తెచ్చిపెట్టేవాడు. వచ్చిన కొత్తలో అయ్యగారు మర్యాదకు ఒకసారి "చాలా బాగుంది" అన్నారట. దానికి శిక్షగా ఇన్నేళ్ళూ పల్లీల కారం తింటూ వచ్చారు. ప్రసంగం అయిపోయాక పెద్దబాపు "చాల్తయ్" అని పైకి అనేవాడు. మరాఠీలో ఫర్వాలేదన్నమాట. ఆయన దగ్గర ఏ ప్రసంగానికీ అంతకన్నా ఎక్కువ మార్కులు రాలేదు.

అన్నిటికన్నా పెద్ద వింత, ఆయన ప్రార్థనలో కళ్ళు మూసేవాడు కాదు. పిల్లలుగా మాకు అదొక ఘోరం. కళ్ళు తెరిచి ప్రార్థిస్తే పాపమని ఆదివారపు బడిలో చెప్పేవాళ్ళు, మా ఎదురుగానే ఒక పెద్దమనిషి గుడ్లు తెరుచుకుని కూర్చుని ఉండేవాడు. ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "చెవులు పోయినయి బిడ్డా. కండ్లు గూడ మూస్తే నేను గుళ్ళె ఉన్నట్టా, బొందల ఉన్నట్టా?" అన్నాడు.

మా ఆరాధనలో పాపపు ఒప్పుకోలుకు ముందు కాసేపు మౌనం ఉంటుంది. ఎవరి మాట వాళ్ళు దేవుడికి చెప్పుకోవాలి. అందరూ తలలు వంచి పెదవులు కదుపుతారు. మగ్గం పనిచేసే మగవాళ్ళు మాత్రం ఆ సమయంలో అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఎంత భక్తి అనుకునేదాన్ని. అది భక్తి కాదనీ, స్టూలు మీది మనిషి నుంచి తమ పాపాలను దాచుకోవడమనీ చాలా ఆలస్యంగా తెలిసింది. ఆడవాళ్ళకు ఎవరూ ఆ సంగతి చెప్పలేదు.

మా వదినకు అసలే తెలియదు. ఆమె సిరిసిల్ల దగ్గరి ఊరి పిల్ల. అన్నయ్యది కూడా మగ్గం పనే. అప్పటికి నాన్న లేడు, అమ్మా వదినా ఇంట్లో బీడీలు చుట్టేవాళ్ళు, నేను కాలేజీకి వెళ్ళేదాన్ని. వదినకు ఆడపిల్ల పుట్టింది. మాలో బిడ్డకు బాప్తిస్మం అయ్యేదాకా పేరు బయటపెట్టరు. గుడిలో అయ్యగారు "ఈ బిడ్డ పేరేమి?" అని అడిగినప్పుడే తల్లిదండ్రులు మొదటిసారి పైకి చెప్పాలి. ఏ పుస్తకంలోనూ లేని నియమం, మా సోలాపూర్ ముసలమ్మలది. అందుకే ఎవరూ దాటరు. వదిన పేరు ఎంచుకుని మనసులో పెట్టుకుంది. అన్నయ్యకు కూడా చెప్పలేదు, అతను అడగలేదు.

అయ్యగారు వచ్చే ఆదివారమే బాప్తిస్మం ఇద్దామన్నారు. వదిన ఆగమంది. సిరిసిల్ల నుంచి వాళ్ళమ్మ రావాలనీ, ఆమె చేతుల్లో పెట్టి ఇప్పించాలనీ ఆశ. ఆ ఆదివారం దాటాక బిడ్డకు జ్వరం వచ్చింది. దవాఖానాలో బిడ్డను లోపల అద్దాల గదిలో ఉంచారు, వదిన బయట వరండాలో ఉంది. లోపలి నుంచి వచ్చి చెప్పేసరికి అంతా అయిపోయింది.

బాప్తిస్మం లేని బిడ్డకు మా గుడిలో గంట కొట్టరు. సమాధి తోటలో గోడ పక్కన, వేపచెట్టు కింద పెట్టారు. అమ్మ ఇంటికొచ్చి, "ఇగ ఆ ముచ్చట ఇంట్ల ఎత్తొద్దు. ఎత్తితే కోడలు పిల్ల బతకది" అంది. అమ్మది కఠినం కాదు, భయం. కానీ భయమో కఠినమో బయటికి ఒకేలా కనపడుతుంది. అందరం నోళ్ళు మూసుకున్నాం. బిడ్డ లేనట్టే, ఎన్నడూ లేనట్టే రోజులు నడిచాయి.

ఒక రోజు ఆకు కత్తిరిస్తూ వదిన నన్ను అడిగింది. "పేరు లేని పిల్లను దేవుడు ఏమని పిలుస్తడు?"

అయ్యగారిని అడుగుదామన్నాను.

"అడిగిన. దేవుని ప్రేమకు హద్దు లేదు, భయపడొద్దు అన్నడు. మంచిగనే చెప్పిండు. గని పేరు సంగతి చెప్పలే. అంతమంది పిల్లలల్ల మా పిల్లను ఎట్ల గుర్తుపడ్తడు? నేనే గదా ఆగుమన్న."

ఆ తర్వాత ఆమె ఆ మాట ఎవరితోనూ ఎత్తలేదు. గుడికి వచ్చేది, ప్రభు భోజనానికి అందరూ బల్ల దగ్గరికి వెళ్తుంటే తను చాప మీదే ఉండిపోయేది. మా సంఘంలో బల్లకు వెళ్ళని మనిషి గురించి వారమంతా మాట్లాడతారు. వాళ్ళు మాట్లాడారు. వదిన తిండి తగ్గించింది, మాట తగ్గించింది. ఆమె మెల్లగా ఇంట్లోంచి జారిపోతోందని అందరికీ తెలుస్తోంది, పట్టుకునే మాట ఒక్కరి దగ్గరా లేదు.

అప్పుడే మా ఇంట్లో కూడిక వంతు వచ్చింది. వారం వారం ఒక ఇంట్లో ప్రార్థన పెట్టుకోవడం మా అలవాటు. పెద్దబాపు వస్తాడనగానే అమ్మకు గుండెల్లో రాయి పడింది. "బావా, ఈసారి జర మెల్లగ. బీడీలోళ్ళంత బయటనే కూసున్నరు" అని ఆయన ముందు నిలబడి పెదవులు సాగదీసి చెప్పింది. ఆయన తల ఊపాడు. పాట అయ్యాక లేచి నిలబడి, వదినవైపు చూసి, నోరు తెరిచాడు. గొంతు రాలేదు. పెదవులు కదులుతున్నాయి, చేతులు కదులుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. గొంతు పట్టుకుపోయిందనుకున్నాం. నేను కళ్ళు తెరిచి చూశాను కాబట్టి చెబుతున్నాను, కార్ఖానాలో మాట్లాడినట్టు ప్రార్థిస్తున్నాడు. మిగతా మగ్గంవాళ్ళు షిఫ్టులో ఉన్నారు, ఆ గదిలో ఆ భాష తెలిసింది అన్నయ్య ఒక్కడికే. అతను కాసేపు ఆయన పెదవులకేసి చూసి, లేచి బయటికి వెళ్ళిపోయి గోడకు ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. ఏమన్నాడని తర్వాత అడిగితే, "మా పిల్లను పేరు పెట్టి అడిగిండు. నాకే తెల్వని పేరు" అన్నాడు. ఆ పేరు మాత్రం బయటపెట్టలేదు.

ఆ ఏడు సమాధుల పండుగ వచ్చింది. ఆ రోజు ఎవరి సమాధులు వాళ్ళు శుభ్రం చేసుకుని, సున్నం వేసి, బంతిపూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. సాయంత్రం ఎండ తగ్గాక అయ్యగారు వచ్చి, పోయినవాళ్ళ పేర్లు అందరి ముందూ చదువుతారు. తన బిడ్డను కూడా చదవాలని వదిన అడిగించింది. అన్నయ్య వెళ్ళి సంఘపెద్దను అడిగితే, "బాప్తిస్మం లేదు గదరా. ఒక్కరికి చదివితే రేపు అందరికి చదవాలె. మా ఇంట్ల గూడ పిలగాడు పోయిండు, మేం అడిగినమా?" అన్నాడు. నియమం నియమమే. పండుగనాడు వదిన మాతో పాటు వచ్చి, గోడ పక్కన కొవ్వొత్తి వెలిగించకుండా చేతిలో పట్టుకుని నిలబడింది.

అయ్యగారు పేర్లన్నీ చదివారు. ముగింపు ప్రార్థనకు అలవాటు ప్రకారం పెద్దబాపును పిలిచారు. ఆయన ముందుకొచ్చి, కళ్ళు తెరిచే, పోయినవాళ్ళ కోసం ప్రభువుకు వందనాలు చెప్పాడు. తర్వాత ఆగి, గోడవైపు తిరిగాడు.

"ప్రభువా! ఇంకొక పిల్ల ఉన్నది! గోడ పక్కన, ఏపచెట్టు కింద! మేం పిలవలే గని తల్లి పేరు పెట్టింది! కరుణ! దాని పేరు కరుణ ప్రభువా! గుర్తుపట్టు!"

సమాధి తోట అవతల రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. నాకైతే ఒళ్ళు మండింది. వదిన దేవుడికి తప్ప ఎవరికీ చెప్పుకోని పేరది. ఆ ఒక్కటీ ఆమె దగ్గర మిగిలింది. దాన్ని కూడా ఈ ముసలాయన గల్లీ పాలు చేశాడనుకున్నాను.

సంఘపెద్ద ముందుకొచ్చాడు. "పెద్దబాపూ, ఆగు. బాప్తిస్మం కాని పిల్లకు పేరెక్కడిది? ఎవరు చెప్పిన్రు నీకు?"

పెద్దబాపు ఆయన పెదవులు చూశాడు. "తల్లి చెప్పింది. ప్రతి ఆదివారం మౌన ప్రార్థనల చెప్తది. దాని పేరు కరుణ, గుర్తుపట్టు, నేనే ఆగుమన్న, అని. చెవిటోన్ని, నాకే తెలిసింది. ఆయనకు తెల్వదా?"

వదిన నోరు తెరుచుకుని ఆయన్నే చూస్తోంది. ఆమె ముఖంలో కోపం ఉంటుందని వెతికాను, లేదు. తప్పిపోయిన పిల్లను ఎవరో చెయ్యి పట్టుకుని తెచ్చి అప్పజెప్పినట్టు చూస్తోంది. అప్పుడు ఆడవాళ్ళ వెనక వరసలో ఒక ముసలామె పెదవులు కదిలాయి. గొంతు రాలేదు, వచ్చినా మాకు వినపడలేదు. పెద్దబాపుకు కనపడింది. "దేవదానము ప్రభువా! మూలకున్నడు!" అని అరిచాడు. ఇంకొకామె పెదవులు కదిలాయి. "సువార్త ప్రభువా!" ఆడవాళ్ళు ఆయన ముఖంకేసి చూస్తూ, ఎన్నేళ్ళనుంచో మింగి ఉంచిన పేర్లను ఒక్కొక్కటిగా పెదవుల మీద పెట్టారు. ఆయన చూసి, గట్టిగా పైకి పంపాడు. సంఘపెద్ద ఇంకోసారి "ఆగు" అనబోయాడు. అప్పటికే ఆయన భార్య కొంగు నోటి మీంచి తీసేసింది. పెద్దబాపు ఆమెవైపు తిరిగి, కాస్త వంగి చూసి, ఒక మగబిడ్డ పేరు చెప్పాడు. సంఘపెద్ద టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

చివరికి అయ్యగారు తన పుస్తకం మూసి, గోడ దగ్గరికి నడిచి, ఆ చిన్న మట్టిదిబ్బల మీద చేతులు చాపి దీవెన చెప్పారు. నేను ఇంతవరకూ విన్న ప్రసంగాలన్నిట్లో దేవుని ప్రేమ గురించి చాలా విన్నాను. నమ్మడమో నమ్మకపోవడమో కూడా పెద్దగా పట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం నమ్మాను. వదిన తన కొవ్వొత్తి వెలిగించింది. తర్వాతి ఆదివారం అందరితో పాటు లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. సమాధుల పండుగకు మా సంఘంలో ఇప్పుడు పిల్లల పేర్లు కూడా చదువుతారు.

ఆ పండుగ సాయంత్రం తిరిగి వెళ్ళడానికి అందరికీ కలిపి ఒక ఆటో దొరికింది. పెద్దబాపు ముందు డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చుని, రోజూ ఆ దారినే తిరిగే మనిషికి ఆటో కదలకముందే "సీదా చల్, సీదా!" అని అరుస్తూ దారి చూపిస్తున్నాడు. వెనక వదినా నేనూ ముందే ఎక్కి కూర్చున్నాం. అమ్మ ఆఖర్న వచ్చి, ఒక కాలు ఆటోలో పెట్టి, లోపలికి చూసింది. బిడ్డ పోయినప్పటి నుంచి అమ్మ వదినను ఏ పిలుపుతోనూ పిలవలేదు. ఏదైనా కావాలంటే "ఇగో" అనేది, అంతే.

"ఓ కరుణోళ్ళమ్మా," అంది అమ్మ, "జర జరుగు. నాకింత జాగియ్యి."

వదిన జరిగింది.